ప్లేటుతో సహా తిన్నవాళ్ళు

రేపు కరెంటు ఉండదని ఫోనుకు మెసేజ్ వస్తే తమిళనాట మా రాజపాళయంలో ఎవరి కంగారు వాళ్ళది. ఒకరు మోటారు వేసి ట్యాంకు నింపుతారు, ఒకరు మిక్సీలో రెండుపూటలకూ చట్నీ రుబ్బి పెట్టుకుంటారు. నెలకోసారి ఉదయం పోయి సాయంత్రానికి వచ్చే కరెంటే గదా అని మిగతావాళ్ళు ఊరుకుంటారు. నేను మాత్రం ఆ మెసేజ్ చూసినప్పటినుంచి హాల్లోకీ వంటింట్లోకీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతాను. కాలేజీ నుంచి రిటైరయ్యాను, నా చేతిలో ఇప్పుడు ఏ ల్యాబు తాళమూ లేదు. అయినా తిరుగుతాను. ఎందుకో చెబుతాను. ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలకు ఇది కొంచెం పనికొస్తుంది, నవ్వుకోవడానికి అంతకంటే ఎక్కువ పనికొస్తుంది.

నేను ఇక్కడి ఒక కాలేజీలో మైక్రోబయాలజీ పాఠాలు చెప్పాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, క్లాసులో ఇంగ్లీషు. పుట్టుకతో వచ్చిన నా గుణం తొందర. ఇడ్లీ కుక్కరు మూతను మధ్యలో తీసి చూసే మనిషిని. సూక్ష్మజీవులను పెంచే పనికి ఇంతకంటే పనికిరాని గుణం ఇంకొకటి లేదు. అవి పెరిగేది వాటి ఇష్టప్రకారం, మన గడియారం ప్రకారం కాదు. ఈ మాట ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేదాన్ని. చెప్పి, వెనక్కి తిరిగి ఇంక్యుబేటరు తలుపు తీసేదాన్ని.

ఉద్యోగం చివరి రోజుల్లో నా దగ్గర పరిశోధనకు ఒక అమ్మాయి చేరింది. తళవాయిపురం నుంచి రోజూ బస్సులో వచ్చేది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. మా ఊళ్ళో పరిశోధన అంటే పత్తి మీదో, మిల్లు మురుగునీళ్ళ మీదో చేస్తారు. ఈమెకు చలి సముద్రం కావలసి వచ్చింది. ఏసీ లేని గదిలో కూర్చుని చలి సముద్రం మీద పని చేస్తానంటే నాకే నవ్వొచ్చింది. కానీ తీరప్రాంతపు సంస్థలో పనిచేసే నా పాత స్నేహితురాలొకామె, దక్షిణాన మంచు సముద్రం వైపు వెళ్ళిన ఓడలో తెచ్చిన బ్యాక్టీరియాను చిన్న గొట్టంలో పెట్టి, ఐసులో సర్ది పంపింది. అవి ఒడ్డున కుళ్ళుతున్న సముద్రపు పాచి మీద దొరికాయట.

ఆ చలి సముద్రాల్లో పాచి అంటే మన బావి గోడ మీది పచ్చటి జారుడు కాదు. రాళ్ళను పట్టుకుని మనిషికంటే పొడుగ్గా, అడవుల్లా పెరుగుతుంది. దాని ఒళ్ళంతా చక్కెరే, కానీ కాఫీలో వేసుకునే చక్కెర కాదు. చక్కెర రేణువులు గొలుసుల్లా అతుక్కుని, ఆ గొలుసులు పెనవేసుకుని జిగురుగా ఉంటాయి. గోధుమరంగు పాచిలో ఉండే జిగురును ఆల్జినేట్ అంటాం. దాన్ని అరిగించుకోవడం మనవల్ల కాదు. పాచి చచ్చి అడుక్కు చేరాక ఆ గొలుసులను తెంచి మళ్ళీ సముద్రంలో కలిపేది ఈ బ్యాక్టీరియా. నోరు లేదు, పళ్ళు లేవు. ఎంజైములను ఒంటిబయటికి వదిలి గొలుసును ముక్కలుగా కోసి, ఆ ముక్కలను లోపలికి లాక్కుంటాయి. వీటిలోనూ మనుషుల్లాగే రెండు రకాలు. కొన్ని కోసి పడేస్తే చుట్టూ ఉన్నవాళ్ళు కూడా తింటారు. కొన్ని పెళ్ళి పందిట్లో పొట్లం కట్టుకుపోయే బంధువుల్లా పెద్ద ముక్కను పట్టుకుని లోపలికి పోయి ఒంటరిగా తింటాయి.

ఇంకో సంగతి, కథకు ముఖ్యమైనది. ఆ ఎంజైములు చలికి అలవాటు పడినవి. మిగతా లోకం బిగుసుకుపోయే చలిలో అవి నిదానంగా పని చేసుకుంటాయి. వెచ్చగా చేస్తే త్వరపడవు, పాడవుతాయి. కాబట్టి వాటిని చల్లగా ఉంచే పెట్టెలో పెంచాలి. ల్యాబుల్లో దాన్ని బీఓడీ అంటాం. మా బీఓడీ పాతది. తలుపు చుట్టూ రబ్బరు అరిగిపోయి, మూయడానికి మోకాలితో ఒక తోపు తొయ్యాల్సి వచ్చేది.

ఇక అసలు మనిషి. మా ల్యాబులో ప్లేట్లు పోసే ఆయన. బ్యాక్టీరియా పెరగడానికి అడుగున గట్టి పొర కావాలి. దానికి అగర్ అనే పొడిని పోషకాలతో కలిపి మరిగించి, గుండ్రటి చిన్న ప్లేట్లలో పోస్తే చల్లారి జెల్లీలా గట్టిపడుతుంది. ఆ అగర్ కూడా సముద్రపు పాచిదే, ఎర్రపాచిది. మా వైపు వాళ్ళు కడల్ పాసి అంటారు, జిగర్తండా అనే చల్లటి పాల పానీయంలో వేస్తారు. ఆయనది మంసాపురం దగ్గరి తెలుగు కుటుంబం. పొలం నడవక అన్నదమ్ములు బస్టాండు దగ్గర జిగర్తండా బండి పెట్టారు. అన్న బండి దగ్గరే ఉన్నాడు, ఈయన మా కాలేజీలో దినకూలీగా చేరి ల్యాబులో కుదురుకున్నాడు. పాసి కాచడం చిన్నప్పటినుంచీ చేతికి తెలిసిన పని. ఆయన పోసిన ప్లేటును తలకిందులు చేసి తట్టినా కదిలేది కాదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు వంట రుచి చూపించినట్టు, కొత్తగా చేరిన ప్రతి స్టూడెంటుకూ తట్టి చూపించేవాడు. వయసు నలభై దాటింది, ఇద్దరు ఆడపిల్లలు, ఇంకా టెంపరరీయే. ఆ ఏడు మేనేజ్‌మెంటువాళ్ళు ఒకరిద్దరిని పర్మనెంటు చేస్తామన్నారు. ఇంటర్వ్యూ పెట్టబోతున్నారు. అందులో నెగ్గకపోతే ఇక కాంట్రాక్టరు ద్వారా మనుషులను తెచ్చుకుంటారు, ఈయన ఇంటికి పోవలసిందే. ఇది ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

సరిగ్గా అప్పుడే ఆయన ప్లేట్లు చెడిపోవడం మొదలైంది.

అమ్మాయి చలిబ్యాక్టీరియాను సన్నటి తీగకు అంటించి ప్లేట్ల మీద గీతలుగా గీసి బీఓడీలో పెట్టింది. వారాలు గడిచాక తీసి చూస్తే పొర గుంటలు పడి, అక్కడక్కడ నీళ్ళై, ఒకటి పూర్తిగా గంజిలా కారిపోయింది. పెరిగిందేదో, పాడైందేదో చెప్పలేం. మా హెడ్ నిక్కచ్చి మనిషి. తప్పెవరిదో తేలకుండా మంచినీళ్ళు కూడా తాగడు. ఆయన ప్లేట్లను చూసి, కొన్ని గట్టిగా, కొన్ని నీళ్ళగా ఉన్నాయంటే పోసేవాడికి ఒళ్ళు తెలియడం లేదన్నమాట అన్నాడు. ప్లేట్లు పోసేవాడిని నేనూ నాలుగు మాటలు అన్నాను.  మూతలకు పట్టిన చెమట కారి మెత్తబడి ఉంటుందని ఆయన అన్నాడు, సరే అనుకున్నాం.

రెండో విడత పోశాడు. ఈసారి జిగర్తండా బండి వైద్యం చేశాడు. జెల్లీ బిగుసుకోకపోతే ఇంకొంచెం పాసి వేయాలి, అది వాళ్ళింటి శాస్త్రం. కొలతకంటే ఎక్కువ అగర్ వేసి, ప్లేటును గోడకు కొట్టినా చెక్కుచెదరనట్టు చేశాడు. వారాల తర్వాత తీస్తే ముందుకంటే పెద్ద గుంటలు. మూడో విడతలో ఇంకా వేశాడు. మూడోసారి ఇంకా ఘోరం. అగర్ డబ్బా మార్చాం, నీళ్ళు మార్చాం, కొళాయిని అనుమానించాం, అమ్మాయి చేతిని అనుమానించాం.  నేను మాటిమాటికీ వచ్చి బీఓడీ తలుపు మీద చెయ్యి వేస్తుంటే అమ్మాయి అడ్డం నిలబడేది. మీరు తీసిన ప్రతిసారీ లోపలికి మన ఊరి గాలి పోతుంది మేడం అని మెల్లగా అనేది. ఆ పిల్ల ముందు తప్పు చేసిన పిల్లలా వెనక్కి వచ్చేదాన్ని.

హెడ్ మేనేజ్‌మెంటుకు రాయబోతున్నాడని తెలిసింది. ప్లేటు పోయడం రానివాడిని పర్మనెంటు చేయడమెట్లా అన్నది ఆయన వాదన. ఆ మధ్యాహ్నం ప్లేట్లు పోసేవాడు మా గదికి వచ్చి హెడ్ ఎదుట నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"సార్, ఈసారి సగం ప్లేట్లు మీరే పోయండి. మీరు పోసినవి నిలిచి, నేను పోసినవి పోతే నేనే ఇంటికి పోతాను. లెటరు రాయ వేండాం, అక్కర్లేదు."

హెడ్ లేచి ల్యాబు కోటు తొడుక్కున్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఆయన ప్లేటు పోయలేదు. కానీ చెయ్యి మరిచిపోలేదు, చక్కగా పోశాడు. ఇద్దరివీ ఒకే పాత్రలోవి, ఒకే కొలత. తన ప్లేట్ల అడుగున సంతకం పెట్టి, అన్నిటినీ కలిపి టేపు చుట్టి, తను లేకుండా ఎవరూ తెరవకూడదన్నాడు. అమ్మాయి అంతకుముందే వాటి మీద బ్యాక్టీరియాను వంకరవంకరగా గీసింది. లోపల పెట్టి మోకాలితో తలుపు తోశాం.

ఇక ఎదురుచూపు. ఇంటర్వ్యూ తేదీ వచ్చింది. లెక్క చూసుకుంటే చలిబ్యాక్టీరియా పని అయ్యేసరికి ఇంటర్వ్యూ అయిపోయి ఉంటుంది.  ఇడ్లీపిండి పులవకపోతే గిన్నెను వెచ్చటిచోట పెడతాం గదా, ఇక్కడా కొంచెం వేడి పెంచితే త్వరగా తేలుతుంది గదా అనిపించింది. అవి వెచ్చదనానికి పాడవుతాయని చదువుకున్నదాన్నే, చదివించినదాన్నే. అయినా ఆ రోజు నా చెయ్యి బీఓడీ మీటదాకా పోయింది. ఆపింది అమ్మాయి కాదు. ఎవరి కోసం నేను తొందరపడుతున్నానో ఆయనే ఆపాడు.

"వద్దు మేడం. వాండ్లు చలిలోనే దా పెరిగినాయి. మన తొందర వాండ్లకు తెలీదు. చచ్చిపోతే నా తప్పా కాదా అనేది ఎప్పటికీ తేలదు."

నిదానమే ప్రధానం అని వేలమందికి చెప్పినదాన్ని, చెయ్యి తీసేశాను.

ఇంటర్వ్యూకు ముందురోజు సాయంత్రం మెసేజ్ వచ్చింది. ఆ వారం వాయిదా పడిన నెలవారీ షట్‌డౌన్ రేపే. వేసవి ముదిరిన రోజులు. జనరేటరు ఉంది గానీ దాని తీగ ఆఫీసుకూ కంప్యూటరు గదికీ తప్ప మా దాకా రాదు. ఆ అరిగిన రబ్బరు తలుపుతో బీఓడీ మధ్యాహ్నానికల్లా మా వంటింటిలా అవుతుంది.

ఉదయం నేను షేర్ ఆటోలో కాలేజీకి చేరేసరికి ఆయన ముందే వచ్చి ఉన్నాడు. ఇంటర్వ్యూ కోసం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నుదుట విభూతి. పక్కన గోనెసంచిలో ఐసుగడ్డలు. అన్న బండికి వచ్చిన ఐసులో సగం లాక్కొచ్చాడట. ఆ రోజు బస్టాండులో జిగర్తండా తాగాలనుకున్నవాళ్ళు ఏమనుకున్నారో తెలియదు. గోనెను నేలమీద పెట్టి సుత్తితో కొడుతున్నాడు. చొక్కా చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. నువ్వు పోయి కూర్చో, ఇది మేం చూసుకుంటాం అన్నాను. వినలేదు. తన ఉద్యోగాన్ని తినేస్తున్నవాటికి ఆ మనిషి ఐసు కొట్టి పెడుతున్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అమ్మాయి చూడకుండా కిటికీ వైపు తిరిగాను.

ఐసు ట్రేలు పెట్టాలంటే తలుపు తీయాలి, పై అరలో ఉన్న ప్లేట్ల కట్టను కదపాలి. హెడ్ లేకుండా కదపకూడదు. ఆయన ఇంటర్వ్యూ బోర్డులో ఒకరు, అప్పటికే బోర్డు గది బయట ఉన్నాడు. అమ్మాయి పరిగెత్తి పిలుచుకొచ్చింది. చెమటలు కక్కుతూ, గొణుగుతూ వచ్చాడు. కట్టను తనే చేతిలోకి తీసుకున్నాడు. టేపు చెక్కుచెదరలేదు. ఎట్లాగూ బయటికి వచ్చాయి గదా ఒకటి చూద్దాం సార్ అన్నాను. అది నా పాత జబ్బే, మూత తీసే జబ్బు. ఇంకా రోజులు కాలేదు మేడం అని అమ్మాయి అంటూనే ఉంది. హెడ్‌కు కూడా ఆగలేనట్టుంది. టేపు చించి, తన సంతకం ఉన్న ప్లేటును తీశాడు.

గదిలో లైటు లేదు. ప్లేటును కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఎండకు ఏటవాలుగా పట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నాకిచ్చాడు.

పొర నున్నగా, గట్టిగా ఉంది. దాని మీద అమ్మాయి గీసిన వంకరగీత ఉన్నచోట మాత్రం సన్నటి కాలువ పడి ఉంది. గీత ఎక్కడ తిరిగితే కాలువా అక్కడే తిరిగింది. నాగలి చాలు పడినట్టు. గీత లేనిచోట ఒక్క చుక్క నీళ్ళు లేవు. ప్లేట్లు పోసేవాడి ప్లేటు తీసి చూస్తే అదే కాలువ, అదే లోతు. పోయడంలో లోపమైతే అంతటా కుంగాలి గదా. ఇన్నాళ్ళూ మేం లెక్కప్రకారం ఆగి, అంతా గంజి అయ్యాక తెరిచాం కాబట్టి గీత కనబడలేదు. కరెంటు పోయి ముందే తెరిచాం కాబట్టి కనబడింది.

వాటి మీద పెరిగింది పొర మీద కూర్చుని తినలేదు, పొరనే తిన్నది. అగర్ పాచి చక్కెరే గదా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను చూశాం, వాసాలనే తినేసేవాళ్ళను అప్పుడు చూశాను. అగర్‌ను తినే బ్యాక్టీరియా ఉంటుందని ఏటా క్లాసులో ఒక్క ముక్క చెప్పి దాటేసేదాన్ని. ఆ ఒక్క ముక్క నా ముందు మూడుసార్లు కరిగి కారినా గుర్తుపట్టలేదు. మాకు వచ్చినవి ఆల్జినేట్ తినేవని కాగితంలో ఉంది, ఆల్జినేట్ తప్ప ఇంకేమీ మేం వెతకలేదు. తర్వాత అమ్మాయి తేల్చిందేమిటంటే గొట్టంలో వచ్చింది ఒకటి కాదు, రెండు. ఆల్జినేట్ తినేదాని వెంట ఎర్రపాచిని కోసే చుట్టం ఒకటి చెప్పకుండా వచ్చింది. ఆమె పరిశోధన చివరికి ఆ చుట్టం మీదే నడిచింది.

ప్లేటు పోసేవాడు తన ప్లేటును రెండు చేతులతో పట్టుకుని చూస్తున్నాడు. అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అమ్మాయి విడమరిచి చెప్పింది, అన్నా, ఇవి పాసినే తింటుండాయి అని.

"అయితే నేను ఎక్కువ పాసి వేసిందంతా?" అన్నాడు.

"వాండ్లకు విందే దా," అంది ఆమె.

ఆయన నవ్వలేదు. ట్రేలో ఐసు సర్ది, ప్లేట్లను మళ్ళీ కట్టకట్టి లోపల పెట్టి, మోకాలితో తలుపు తోసి, అప్పుడు చేతులు చొక్కాకే తుడుచుకున్నాడు. పిలుపు వచ్చేసరికి ఆ తెల్లచొక్కా పొట్ట దగ్గర తడిసి గోనె మరకలతో ఉంది. మార్చుకోవడానికి వేరే లేదు. అట్లాగే పోయాడు.

బోర్డు గదిలో జరిగింది హెడ్ తర్వాత చెప్పాడు. మరకలు చూసి ఒక పెద్దమనిషి, ఇంటర్వ్యూకు ఇట్లాగేనా వచ్చేది అని అడిగాడట.  హెడ్ లేచి, ఈయన చేతిపని మీద నేను రాయబోయిన లెటరు తప్పు, నేను పోసిన ప్లేటు కూడా పోయింది అన్నాడట. అంత నిక్కచ్చి మనిషికి నలుగురిలో ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. బయటికి వచ్చాక వరండాలో హెడ్ ఆయన భుజం మీద చెయ్యి వేసి అన్నది మాత్రం నేనే విన్నాను.

"నాదీ పోయినాదప్పా. తప్పు నీది కాదు." కొంచెం ఆగి, "నాదీ కాదు," అన్నాడు.

ఆయన పర్మనెంటు అయ్యాడు. వచ్చే విడత నుంచి కొలత ప్రకారమే అగర్ వేయమని చెప్పాను, వేశాడు. కానీ ప్రతి విడతలోనూ ఒక ప్లేటు బరువుగా ఉండటం గమనించి అడిగితే, అది వాండ్లకు మేడం, అలవాటు పడిపోయినాయి అన్నాడు. అమ్మాయికి డాక్టరేటు వచ్చి వేరే ఊరు పోయింది. నేను రిటైరయ్యాను. ఆ చలిచుట్టాలు మాత్రం ఇంకా ఆ బీఓడీలోనే ఉన్నాయి, వాటిని ప్లేటు నుంచి ప్లేటుకు మార్చేది ఆయనే. తలుపు రబ్బరు ఇప్పటికీ మార్చలేదు.

పిల్లలూ, మీకు చెప్పవలసిన నీతి ఏదైనా ఉంటే మీరే తీసుకోండి. ముందే మూత తీయమంటానా, ఆగమంటానా, నాకే తేలలేదు.

నిన్న మళ్ళీ మెసేజ్ వచ్చింది. పొద్దున కరెంటు పోగానే ఫ్యాను ఆగింది, నా కాళ్ళు మాత్రం ఆగలేదు. ఫోను చేశాను. అటువైపు సుత్తి చప్పుడు వినబడింది.

"ఐసు వచ్చేసినాది మేడం," అన్నాడు ఆయన. "మీరు కూచోండి."

కూర్చున్నాను.